మన్ను లేని కుస్తీ

ఆదివారం. సాయంత్రం అయిదుంబావు. సాగర్ కాలువకు నీళ్ళొచ్చిన మూడో యేడు, మాఘమాసం. మిర్యాలగూడలో మేం పనిచేసే రైసుమిల్లు కల్లంలో, వడ్లు ఆరబోసే సిమెంటు గచ్చు మీద నాలుగు గుంజలు పాతి, తాళ్ళు కట్టి, పలకలు పరిచిన బరిలో, సూర్యాపేట మార్కెట్ హమాలీ ఒకాయన ఒక కుస్తీ కంపెనీ చాంపియన్‌ను ఎత్తి వెల్లకిలా వేశాడు. చాంపియన్ రెండు భుజాలూ పలకకు ఆనాయి. గడియారం చూడ్డం నాకప్పుడు రాదు. సీజన్లో మాకు ఆదివారం సెలవు లేదు, నాలుగున్నరకు మిల్లు కూత పడింది. అయిదింటికి బరిలో గంట కొట్టారు. ఒక్కో పట్టు అయిదు నిమిషాలు. మూడో పట్టు అయిపోవస్తుండగా ఇది జరిగింది. లెక్క మీరే వేసుకోండి.

ఇంత కచ్చితంగా ఎందుకు రాస్తున్నానంటే, అసలు అది జరగనే లేదని అంటున్నారు.

పోయిన నెల ఆయన దినాలకు సూర్యాపేట పోయాను. నా పక్క విస్తరి ముందు ఒక సారు కూర్చున్నాడు. ఆయన తమ్ముడి అల్లుడట, బడిపంతులు. పప్పు కలుపుకుంటూ పక్కాయనతో అన్నాడు, "మామ మంచోడే గని, ఆయన కుస్తీలన్ని ముందుగాల మాట్లాడుకొని పడే కుస్తీలట గదా."

"నువ్వు సూసినవా?" అన్నాను.

"లే పెద్దమ్మా. అందరు అంటరు."

"నేను సూసిన. తిను."

తిన్నాడు. నేను విస్తరి మడిచి లేచాను. అందుకే ఇది.

ఆయన పేరు రాయను. రాస్తే ముందు అందులో కులం వెతుకుతారు, తర్వాత ఊరు వెతుకుతారు, అవి రెండూ దొరికాక గాని మనిషి దగ్గరికి రారు. ఆయనకు ఆ వరస గిట్టదు. నేను అక్షరాలు దిద్దింది నలభై ఏడో యేట. పెద్ద మాటలు నాకు రావు. వచ్చినా ఆయనకు అతకవు.

ఆయన పొట్టి. నింపిన వడ్లబస్తా నిలబెట్టి దాని వెనక నిలబడితే తలకాయ, మెడ, ఇంత ఛాతీ కనిపించేవి. కాళ్ళు సన్నం. మెడ మాత్రం దున్నపోతు మెడ. కుడి చెవి నమిలి ఉమ్మేసిన తమలపాకులా నలిగిపోయి ఉండేది. పిల్లలు ఆ చెవి పట్టుకొని చూస్తామంటే వంగి పట్టుకోనిచ్చేవాడు. పెద్దవాళ్ళు చూస్తే ఊరుకునేవాడు కాదు.

మా ఆయన సాయిలు, ఆయన మార్కెట్లో ఒకటే జట్టు. వడ్లబస్తా ఒక్కడు ఎత్తుకోలేడు. ఇద్దరు చెరో పక్క పట్టి ఎత్తిస్తే మూడోవాడు వీపు మీదికి తీసుకుంటాడు. హమాలీలు ఏదో ఒక భుజానికి అలవాటు పడతారు, ముసలితనంలో ఆ పక్కకే ఒరిగిపోతారు. ఆయన అట్లా కాదు. ఒక బస్తా కుడి భుజం మీద మోస్తే రెండోది ఎడమ భుజం మీద. మరిచిపోతే వెనక్కి వచ్చి సరిచేసుకునేవాడు. చాయ్ తాగినా ఒంటికాలి మీదే నిలబడి తాగేవాడు. సగం కప్పుకు కాలు మార్చేవాడు. చాయ్ హోటల్లో కొత్తవాళ్ళు చూసి నవ్వితే, "నువ్వు రెండు కాళ్ల మీద నిలవడి గూడ ఊగుతున్నవ్, సూస్కో" అనేవాడు.

మనిషిని చూస్తే ముందు కాళ్ళు చూసేవాడు. మా చెల్లెలికి సంబంధం వచ్చినప్పుడు పిల్లగాణ్ణి చూడటానికి ఆయన్ను కూడా తీసుకుపోయాం. ఆయన ఇంటికి వచ్చి చెప్పింది ఇంతే: "మడిమెలు ఎడంగ ఏస్తడు. నిలవడ్తడు. ఇయ్యున్రి." ఇచ్చాం. మొఖం ఎట్లుందంటే చెప్పలేకపోయాడు.

ఆయనకు ఒక మాట ఉండేది. ఒరే అంత బరువు ఎత్తకు, పడతావ్ అంటే, "పడ్డంక సూద్దాం." దవాఖానలో డాక్టరు నడుము పట్టి చూసి ఇక కుస్తీ మానెయ్, కాళ్ళు పడిపోతయ్ అంటే, "పడ్డంక సూద్దాం సారూ." షావుకారు గొంతు పెంచితే కూడా అదే మాట. ఆ మాట విని ఆయన్ను ఇష్టపడినవాళ్ళు తక్కువ. ఒళ్ళు మండినవాళ్ళే ఎక్కువ.

జాతరల్లో కుస్తీలకు ఒక వరస ఉంటుంది. పొద్దున మొదట కొబ్బరికాయ కుస్తీలు, అవి పిల్లలకు, కొత్తవాళ్ళకు. గెలిచినవాడికి కొబ్బరికాయ. తర్వాత రుమాలు కుస్తీలు. పొద్దు గూకేముందు ఆఖరున వెండి కడెం కుస్తీ. బరి పెద్దలు జోడి చూసి దింపుతారు. ఎత్తుకు ఎత్తు, బరువుకు బరువు. ఈయన ఎత్తు చూసి ముప్ఫై యేళ్ళు వచ్చినా కొబ్బరికాయ కుస్తీలోకే తోసేవాళ్ళు. గెలిచి కాయలు తెచ్చి మా గడప మీద పెట్టేవాడు. మార్కెట్లో ఆయన పేరే కొబ్బరికాయల పహిల్వాన్ అయిపోయింది.

"వెండి కడెం కొరికి సూడున్రి, పండ్లు ఊడ్తయ్. వదినె, నువ్వు పచ్చడి నూరు," అనేవాడు. అనేవాడే గాని నవ్వేవాడు కాదు. ఆయనకు కావలసింది కడెం కూడా కాదు. తాలీం పెద్ద వస్తాద్ నలుగురి ముందు ఒక్కసారి చెయ్యి పట్టి ఎత్తి, వీడు మా తాలీం మనిషి అనాలి. అంతే. దాని కోసం పద్నాలుగేళ్ళు చూశాడు.

ఆ తాలీం మార్కెట్ వెనక ఉండేది. తాలీం అంటే పెంకుటింట్లో ఒక గుంత, గుంత నిండా ఎర్రమన్ను. ఆ మన్నులో నూనె, చల్ల, పసుపు, నిమ్మరసం పోసి తవ్వి తవ్వి మెత్తగా చేస్తారు. అందులో చేరేవాడు తన తావు నుంచి ఒక తట్టెడు మన్ను తెచ్చి గుంతలో కలపాలి. అప్పుడే వాడు ఆ తాలీం వాడు. ఈయన పదహారేళ్ళప్పుడు ఆత్మకూరులో వాళ్ళమ్మ కూలికి పోయే చెల్క మన్ను నెత్తిన పెట్టుకొని నడిచి తెచ్చాడట. వస్తాద్ దాన్ని వేళ్ళతో నలిపి, వాసన చూసి, "రాళ్ళున్నయ్, ఏరు" అన్నాడట. ఈయన కూర్చొని ఏరాడట. వస్తాద్ మాట తక్కువ మనిషి. పడితే ఏమీ అనేవాడు కాదు. పడ్డట్టు చేస్తే మాత్రం తాలీంలోకి రానిచ్చేవాడు కాదు.

ఆ యేడు దీపావళి వెళ్ళాక సూర్యాపేటకు ఒక కంపెనీ వచ్చింది. టిక్కెట్టు కుస్తీలు. జట్కాకు మైకు కట్టి ఊరంతా తిప్పారు. వాళ్ళ చాంపియన్‌ది పర్షియా దేశమట, ఇంతవరకు ఎవడూ పడగొట్టలేదట. ఏ ఊరికి పోతే ఆ ఊరి మనిషిని ఒకణ్ణి పట్టుకొని చాంపియన్ మీదికి దించుతారు. ఊరి మనిషి అంటే ఊరంతా వస్తుంది కదా. మా ఊళ్ళో ఈయన దొరికాడు. గోడల మీద సూర్యాపేట సింహం అని బొమ్మ వేశారు. నాకు చదువు రాదు, సాయిలు ఎవరితోనో చదివించుకొని వచ్చి చెప్పాడు. ఈయన పోయి ఆ బొమ్మ చూసి, "మూతికి మీసాలు పెట్టిన్రు గని, తోక పెట్టలే" అన్నాడు.

కంపెనీ మేనేజరు గుంటూరు వైపాయన. మేనేజరుకూ తనకూ జరిగిన మాటలు ఈయనే తర్వాత మా గడప మీద కూర్చొని చెప్పాడు.

"పహిల్వాన్ గారూ, పది నిమిషాలు ఆడించి పడుకోండి చాలు. జనం సరదా జనానిది, మన అన్నం మనది."

"మన్నేది?" అని అడిగాడట ఈయన.

"మన్నేంటండీ?"

"కుస్తీకి మన్ను గావాలె గద."

"ఇక్కడ మన్ను ఉండదండీ. పలకలు, పైన టార్పాలిను. అంతే."

"అట్లనా. అయితే గిది కుస్తీ గాదు, భాగోతం. సరే, పడ్త."

ఆయన చేసిన తప్పు ఇదీ. డబ్బుకు ఆశపడ్డాడని అందరూ అంటారు. నేను అనను. మన్ను లేదు కాబట్టి అది కుస్తీ కాదని ఆయన నిజంగానే అనుకున్నాడు. "రావణుడి ఏషం ఏసినోడు తెల్లారి లేసి చాయ్ తాగడా, వదినె? నేను గంతే," అన్నాడు. ఆ మాట ముందే నలుగురికీ చెప్పి ఉంటే పోయేది. చెప్పాలని కూడా తోచలేదు ఆయనకు. అందరికీ తెలిసిందే అనుకున్నాడు.

మార్కెట్ హమాలీలు డప్పులు కొట్టుకుంటూ పోయారు చూడటానికి. ఈయన పది నిమిషాలు ఆడి, చాంపియన్ చెయ్యి తగిలీ తగలక ముందే, పగలు కునుకు తీసేవాడిలా వెల్లకిలా పడుకున్నాడు. ఆ పడుకోవడం గుడ్డివాడికి కూడా తెలిసిపోయింది. డప్పులు చంకలో పెట్టుకొని తిరిగొచ్చారు.

మర్నాడు మార్కెట్లో ఆయనకు ఎవడూ బస్తా ఎత్తించలేదు. తిట్టలేదు, కొట్టలేదు. ఆయన వంగి నిలబడితే ఇద్దరూ పక్కకు పోయారు. అంతే. బస్తా ఎత్తించకపోతే హమాలీ ఎట్లా బతుకుతాడు, భార్యకేం పెడతాడు? మా ఆయన కూడా ఎత్తించలేదు. రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఇంటికి వచ్చాక అడిగితే, "మా ఇజ్జత్ తీసిండు" అన్నాడు.

"నీకేం ఇజ్జత్ ఉండె పోయెటందుకు?" అన్నాను.

ఆయన ఏం చేశాడో చూడండి. బస్తాను నిలబెట్టాడు. దానికి వీపు ఆనించి గొంతుకూర్చున్నాడు. చేతులు వెనక్కి పెట్టి బస్తా రెండు చెవులూ భుజాల మీదికి లాక్కున్నాడు. ముందుకు వంగి కాళ్ళ బలంతో లేచాడు. మొదటి రోజు మూడుసార్లు బస్తాతో సహా పక్కకు దొర్లాడు. నవ్వారు. వారానికి లేచి నిలబడ్డాడు. నెలకు, ఎత్తించేవాళ్ళున్న హమాలీలతో సమానంగా మోస్తున్నాడు. అప్పుడు నవ్వడం మానేశారు.

తాలీం తలుపు మాత్రం తెరుచుకోలేదు. వస్తాద్ చెప్పి పంపాడు: "వాని మన్ను వాన్ని తీస్కపొమ్మను."

పొద్దున్నే తట్ట పట్టుకొని పోయాడు. నేను పిడకలు తేవడానికి అటు పోతూ చూశాను.

"తీస్కపోత వస్తాద్. ఏది నాదో సూపియ్యి."

వస్తాద్ తలుపు రెక్క మీద చెయ్యి వేశాడు.

"పద్నాలుగేండ్ల సంది కలిసింది. నూనె కలిసింది, చల్ల కలిసింది. నీ చెమట కలిసింది, నా చెవి నెత్తురు కలిసింది. ఏరి సూపియ్యి. రాళ్ళు నాతోటి ఏరిపిచ్చినవ్ గద, ఇప్పుడు మన్ను నువ్వు ఏరు. తట్ట నింపుకొని పోత."

వస్తాద్ తలుపు వేసుకున్నాడు. ఈయన తట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు. మూడు పొద్దులు కూర్చున్నాడు. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు ఆగి చూశారు. నాలుగో పొద్దు తట్ట లేదు, మనిషి లేడు. కోదాడ పోయాడు, కంపెనీ అక్కడ ఉందని.

కోదాడలో మేనేజరుతో, ఈసారి నిజంగ ఆడ్త అన్నాడట. మేనేజరు నవ్వాడట. "మీ ఇష్టమండీ. నిజంగా ఆడినా ఉత్తుత్తిగా ఆడినా పడేది మీరేగా."

మేనేజరు అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఆడాడు, నిజంగానే పడ్డాడు. ఎడమ చేతి నడిమి వేలు కీలు తప్పింది. ఆట అయ్యాక ఆ చాంపియనే వచ్చి తన నెత్తి రుమాలు చించి కట్టు కట్టాడట. "గట్టిగా పట్టావయ్యా. నా కాలు నీ చేతికి ఇంకొంచెం అంది ఉంటే నేనే పడేవాణ్ణి," అన్నాడట.

"నీకు తెలుగెట్లొస్తది? పర్షియా గద నీది?"

"పర్షియా ఎక్కడయ్యా బాబూ, మాది తెనాలి పక్కన."

కోదాడ జనం మాత్రం, మళ్ళీ పడుకున్నాడ్రా, ఈసారి ఎంతిచ్చారో అని వెంటపడి అరిచారు.

అప్పటికి నేనూ సాయిలూ సీజన్ పనికి మిర్యాలగూడ వచ్చేశాం. యేటా వచ్చేవాళ్ళం. కోదాడ నుంచి ఆయన నేరుగా మా గుడిసెకు వచ్చాడు. వేలికి ఆ రుమాలు కట్టు. సాయిలు లేచి బయటికి పోయాడు. నేను జొన్నరొట్టె పెట్టాను, ఉల్లిగడ్డ కొట్టిచ్చాను.

"ఏమాయె?" అన్నాను.

"ఉత్తగ పడ్డనాడు ఉత్తగ పడ్డవన్నరు, నిజమే. నిజంగ పడ్డనాడు గూడ ఉత్తగనే పడ్డవన్నరు." రొట్టె తుంచి చేతిలోనే పట్టుకున్నాడు. "ఇగ గెలుసుడొక్కటే మిగిలింది వదినె. గెలిస్తె దాన్ని ఉత్తదెట్లంటరో సూస్త."

"వాడు నీకు రెండింతలు ఉంటడట గద. పడ్తవ్."

"పడ్డంక సూద్దాం," అన్నాడు. ఆ తర్వాత తిన్నాడు. మూడు రొట్టెలు తిన్నాడు.

కంపెనీ మిర్యాలగూడ వచ్చింది. మా మిల్లు కల్లమే కిరాయికి తీసుకున్నారు. కల్లం మాది, దాంట్లో పొద్దంతా వడ్లు తిరగేసేది మేం, మమ్మల్ని టిక్కెట్టు అడగడానికి గేటు మీది మనిషికి నోరు రాలేదు. ఆడవాళ్ళం పదిమందిమి తాళ్ళ పక్కనే కూర్చున్నాం. మేనేజరు ఈయన్ను సంతోషంగా దించాడు. ఈయన పడుతుంటే ఛీ కొట్టడానికి కూడా జనం వస్తారని అప్పటికి ఆయనకు అర్థమైంది. పరువు కోసం చుట్టుపక్కల వస్తాదులను పిలిచి, దండలు వేసి, ముందు వరసలో కుర్చీలు వేశాడు. అందులో మా సూర్యాపేట వస్తాద్ కూడా ఉన్నాడు. సూర్యాపేట నుంచి హమాలీలు లారీ ఎక్కి వచ్చారు. ఎందుకొచ్చారంటే, వీడు మన పేరు పెట్టుకొని ఇంకెన్నిసార్లు పడతాడో చూద్దామని. సాయిలూ వాళ్ళ పక్కనే నిలబడ్డాడు.

మొదటి పట్టంతా ఈయన చుట్టూ తిరిగాడు, అంతే. "కొబ్బరికాయ! కొబ్బరికాయ!" అని అరిచారు. ఎవడో చిప్ప విసిరాడు. ఈయన దాన్ని కాలితో బయటికి నెట్టాడు. రెండో పట్టులో ఒకసారి కిందపడి దొర్లి లేచాడు. నేను చూస్తూనే ఉన్నాను, ఆయన కళ్ళు చాంపియన్ మొఖం మీద లేవు, చేతుల మీద లేవు. పాదాల మీద ఉన్నాయి. చాంపియన్ మీదికి రాబోయే ముందు ప్రతిసారీ ఎడమ మడమ కొంచెం లేపుతున్నాడు. ఆయన చూస్తుంటే నేనూ చూశాను కాబట్టి తెలిసింది.

మూడో పట్టు. ఆ మడమ లేచింది. ఈయన గిర్రున తిరిగి వీపు చూపించాడు.

కుస్తీలో ఎవడూ వీపు చూపించడు. పారిపోతున్నాడని జనం గొల్లుమన్నారు. పారిపోలేదు. గొంతుకూర్చున్నాడు. మీదికి వచ్చిన చాంపియన్ పొట్ట ఆయన వీపుకు ఆనింది. ఈయన చేతులు వెనక్కి పోయాయి. చాంపియన్ మణికట్లు రెండూ బస్తా చెవుల్లా పట్టి భుజాల మీదికి లాగాడు. వంగాడు. లేచాడు.

"బస్తా!" అని ఒక్కడే అరిచాడు జనంలో. మా సాయిలు.

అంత పెద్ద మనిషిని వీపున వేసుకొని మూడడుగులు నడిచాడు. బస్తా దించేటప్పుడు ఎట్లా పక్కకు తిరిగి నడుం వంచుతామో అట్లా వంచి, వెల్లకిలా వేశాడు. పలకలు చప్పుడైనాయి. లేచే సందు ఇవ్వకుండా రొమ్ము మీద అడ్డంగా పడి రెండు భుజాలూ అదిమిపట్టాడు.

ఆ ఆటలో భుజాలు ఆనాక రెఫరీ మూడు లెక్కపెట్టాలి. రెఫరీ కంపెనీ మనిషే. మోకాళ్ళ మీద కూర్చొని, చెయ్యెత్తి, మేనేజరు వైపు చూశాడు. మేనేజరు తల అడ్డంగా ఆడించాడు. రెఫరీ పక్కకు వంగి భుజం కింద చూస్తున్నట్టు చేశాడు. చెయ్యి గాల్లోనే ఉంది.

"లేవయ్యా బాబూ, నా ఉద్యోగం పోతుంది," అన్నాడు చాంపియన్ కింది నుంచి, మెల్లగా. తాళ్ళ పక్కనే ఉన్నాం, విన్నాం.

"ఆయన్ని లెక్కవెట్టుమను. లేస్త."

రెఫరీ పెట్టలేదు. జనం చప్పుడు ఆగిపోయింది. ఈయన లేవలేదు. మెడ మీద నరాలు తాళ్ళలా లేచాయి. కట్టు కట్టిన వేలు వంకరపోయి ఉంది.

మా పక్కన ఎల్లమ్మ కూర్చుని ఉంది. మిల్లులో వడ్లు కొలిచేటప్పుడు లెక్క చెప్పేది ఆమే. వడ్ల కొలతలో మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. తర్వాత రెండు, మూడు. ఎల్లమ్మ రెండు చేతులూ నేలకు ఆనించి, కల్లంలో అవతలి కొసకు వినిపించే ఆ గొంతుతో అరిచింది.

"లాభం!"

మేం పదిమందిమి అందుకున్నాం. "రెండు!"

"మూడు!" అన్నప్పటికి సూర్యాపేట హమాలీలు కలిశారు. "నాలుగు!" అన్నప్పటికి కల్లమంతా కలిసింది. మూడుకే ఆట అయిపోతుందని మాకు తెలుసు. ఆపలేదు. రెఫరీ చెయ్యి ఎప్పుడు దించుతాడో చూద్దామని లెక్కపెడుతూ పోయాం. పది. ఇరవై. ముప్ఫై. నలభై దగ్గర రెఫరీ చెయ్యి పలక మీద పడింది. గంట ఎవరు కొట్టారో తెలియదు.

మేనేజరు మైకు అందుకున్నాడు. లెక్క నిబంధనల ప్రకారం జరగలేదు కాబట్టి ఆట తేలలేదని చెప్పబోయాడు. చాంపియన్ లేచి కూర్చొని ఒళ్ళు దులుపుకుంటూ, "పడ్డానండీ. మూడు కాదు, నలభై పడ్డాను," అన్నాడు. పర్షియా పులి తెలుగు విని జనం ఒక్క క్షణం నోరు తెరిచి, తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. మైకులో మేనేజరు ఇంకేం చెప్పాడో ఎవరికీ వినపడలేదు.

ఈయన చేతులెత్తలేదు. దండ వెయ్యడానికి వచ్చినవాణ్ణి పక్కకు తోసి, తాళ్ళ దగ్గరికి వచ్చి మా వస్తాద్ ముందు నిలబడ్డాడు. రొప్పుతున్నాడు.

"వస్తాద్, సూసినవా?"

"సూసిన." వస్తాద్ కుర్చీలోంచి లేవలేదు. "మన్ను లేని కాడ గెలుపేంది? పలకల మీద పడగొడితే కుస్తీ అయితదా? గిది లెక్కల రాదు."

"రాదా?"

"రాదు."

"జర గట్టిగ చెప్పు. మనోళ్ళు ఇంటరు."

"రాదంటున్న!"

"మన్ను లేని కాడ గెలిసింది లెక్కల రాకుంటె, మన్ను లేని కాడ పడ్డది ఎట్లొచ్చె?"

వస్తాద్ గడ్డం పట్టుకున్నాడు. ఆయన జవాబు కోసం వెతికే మనిషి కాదు, ఉంటే చెప్తాడు, లేకపోతే ఊరుకుంటాడు. ఈయన కదల్లేదు. ఆ మాట ఒక్కదాని కోసం సూర్యాపేట నుంచి కోదాడకు, కోదాడ నుంచి ఇక్కడికి వచ్చాడని, ఆ పొట్టి మనిషి ఆ తాళ్ళు పట్టుకొని తెల్లారిందాకా అట్లాగే నిలబడగలడని వస్తాద్‌కు అర్థమైనట్టుంది.

"రేపు పొద్దుగాల రా," అన్నాడు. "తట్టెడు మన్ను తే."

"తేను. నాది గాడనే ఉన్నది."

"మొండోడా," అన్నాడు వస్తాద్. లేచాడు. ఈయన మణికట్టు పట్టి, సూర్యాపేట హమాలీలు నిలబడ్డ వైపు తిప్పి, పైకెత్తాడు. "మా తాలీమోడు," అన్నాడు. రెండు మాటలే అన్నాడు.

ఆ తర్వాత ఏమైందంటే పెద్దగా ఏం కాలేదు. కంపెనీ ఇంకో ఊరికి పోయి, ఓటమి ఎరుగని చాంపియన్ అనే గోడలకు అంటించుకుంది. వెండి కడెం ఆయనకు ఎన్నడూ రాలేదు. రాలేదనే రాస్తాను. మర్నాడు మార్కెట్లో బస్తా ఎత్తించడానికి ఇద్దరు వస్తే, "మీరు ఎత్తియ్యకుంటెనే మంచిగుండె. మీరు ఇడిచిపెట్టవట్టే గద, వాన్ని ఎత్తుడు నేర్చిన" అని పంపేశాడట. చేతనైనన్ని రోజులు తన బస్తా తనే ఎత్తుకున్నాడు. సాయిలు మూడేళ్ళు ఆయన పక్కన ఊరికే నిలబడ్డాడు. నాలుగో యేడు ఒకనాడు ఆయనే సాయిలుతో, "ఏం సూస్తున్నవ్, పట్టు" అన్నాడట. ఆ రోజు మా ఆయన ఇంటికి వచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

పంతులు సారూ, అందరు అంటరు అన్నావు. ఆ అందరూ ఎవరో నువ్వు చెప్పలేదు. ఆ ఆదివారం కల్లంలో ఉన్నవాళ్ళెవరో నేను చెప్తాను. ఎవరినైనా అడుగు. పోయినవాళ్ళుంటే వాళ్ళ పిల్లలను అడుగు, వినే ఉంటారు.

వస్తాద్ యాకూబ్. సూర్యాపేట హమాలీలు ముత్తయ్య, పెద్ద లింగయ్య, చిన్న లింగయ్య, సోమయ్య, జానీ. డప్పు తెచ్చి కొట్టకుండా నిలబడ్డ బక్కయ్య. లారీ డ్రైవరు సైదులు. మిల్లు గేటు మీది మల్లారెడ్డి. తెనాలి పక్క చాంపియన్, అసలు పేరు కోటయ్య. నలభై దాకా చెయ్యి దించని రెఫరీ డేవిడ్. మేనేజరు సుబ్బారావు, ఆయనా చూశాడు. కల్లం ఆడవాళ్ళం, లెక్క మొదలుపెట్టిన ఎల్లమ్మ, రాములమ్మ, బుజ్జమ్మ, ఈరమ్మ, నాగమ్మ, మంగమ్మ, సత్తెమ్మ, ఇద్దరు పుల్లమ్మలు, నేను. నా మొగుడు సాయిలు. సూర్యాపేట లారీ దిగి లోపలికి వచ్చి, చూడలేక బరికి వీపు పెట్టి గోడ వైపు తిరిగి నిలబడి, లాభం నుంచి నలభై దాకా ఒక్కటి కూడా తప్పకుండా లెక్కపెట్టిన లచ్చమ్మ, నేను పేరు రాయని ఆయన భార్య.